పని షెన్‌జెన్‌లో, పేజీ సిచువాన్‌లో

చైనాలో ఇంటింటి నివాస నమోదుని హుకౌ అంటారు. ఆ మాట అనగానే మనలో చాలామంది దాన్ని దేశం లోపలి వీసా అనుకుంటారు. పల్లెటూరి మనిషి పట్నంలో అడుగుపెట్టాలంటే ఎవరో ముద్ర కొట్టాలన్నట్టు. 1960, 70ల్లో అది దాదాపు నిజమే. ఇవాళ సిచువాన్ కుర్రాడు రాత్రి రైలెక్కి షెన్‌జెన్‌లో దిగి, మర్నాడు ఫ్యాక్టరీలో చేరిపోతే ఆపేవాళ్ళు లేరు. పల్లె హుకౌ ఉండి వ్యవసాయం కాని పనులు చేసేవాళ్ళు 2024లో 29.97 కోట్లమందని చైనా గణాంక శాఖ లెక్క. అందులో దాదాపు 17.9 కోట్లమంది సొంత టౌన్‌షిప్ (మన మండలం లాంటిది) దాటి వెళ్ళినవాళ్ళు.

చిక్కంతా చేరాక మొదలవుతుంది. పిల్లాడి బడి, ఆస్పత్రి బిల్లు, ముసలితనంలో పెన్షన్ ఏ ఊరి పద్దులోంచి రావాలి? హుకౌ తేల్చేది ఈ సంగతి. మనిషి ఎక్కడ బతుకుతున్నాడన్నది దానికి పట్టదు, ఆ ఖర్చు ఎవరిదన్నదే పట్టింపు.

తెలుగువాళ్ళకి దీన్ని చెప్పడం నిజానికి తేలిక. లోకల్, నాన్‌లోకల్ అన్న మాట ఎంసెట్ ఫారం నాటి నుంచీ మనకి తెలుసు. ఏ తరగతి ఏ జిల్లాలో చదివామో చూపించడానికి స్టడీ సర్టిఫికెట్ల కోసం బడుల చుట్టూ తిరగడం తెలుసు. ఆ పట్టింపు సీటు, ఉద్యోగం దగ్గర ఆగకుండా బడి, వైద్యం, పెన్షన్, ఇంటి కొనుగోలు, కారు నంబరు ప్లేటు దాకా పాకిందనుకోండి, అదీ హుకౌ. ఒక తేడా మాత్రం పెద్దది. దేశంలో ఎక్కడైనా తిరిగే, నివసించే హక్కు మన రాజ్యాంగం 19వ అధికరణంలో రాసి ఉంది. చైనా 1954 రాజ్యాంగంలో కూడా, 90వ అధికరణంలో, నివాసం మార్చుకునే స్వేచ్ఛ ఉండేది. 1975లో ఆ వాక్యం తీసేశారు. 1982లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు మళ్ళీ పెట్టలేదు.

పుస్తకం, అందులో పేజీ

ఇంటికో పుస్తకం, హుకౌబు అంటారు. ముదురు ఎరుపు అట్ట, లోపల ఇంటి చిరునామా, ఇంటి పెద్ద పేరు ఉన్న మొదటి పేజీ, ఆ తర్వాత మనిషికొక పేజీ. పేరు, పాత పేరు, పుట్టిన చోటు, తాతల నాటి ఊరు, జాతి, చదువు, పెళ్ళయిందా లేదా, సైన్యంలో చేశాడా, ఏం పని, ఎప్పుడు ఎక్కడి నుంచి ఈ చిరునామాకి మారాడు, అన్నీ ఉంటాయి. ప్రతి పేజీ మీదా స్థానిక పోలీసు ఠాణా ముద్ర. అక్కడ ఈ పని రెవెన్యూ వాళ్ళది కాదు, పోలీసులది. చైనాలో మెడిసిన్ చదివిన మన పిల్లలకి ఈ ఠాణా పరిచయమే, దేశంలో దిగిన 24 గంటల్లో విదేశీయులు బస నమోదు చేయించుకునేది అక్కడే.

2014 వరకూ ఆ పేజీలో ఇంకో గడి ఉండేది: వ్యవసాయ హుకౌ, వ్యవసాయేతర హుకౌ. బతుకంతా ఆ గడిలోనే తేలిపోయేది. దీనికీ చేసే పనికీ సంబంధం లేదు. ఇరవయ్యేళ్ళుగా కొలిమి పని చేసినవాడు కూడా పుట్టుకతో 'వ్యవసాయం' అయితే వ్యవసాయమే. 1998 దాకా పిల్లలకి తల్లి హుకౌ మాత్రమే వచ్చేది. తండ్రి పట్నం ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగైనా, తల్లి పల్లెటూరిదైతే పిల్లలంతా పల్లె లెక్కలోనే. మామూలుగా ఊళ్ళలో ఆస్తి తండ్రి వైపు నుంచి నడిచే దేశంలో ఈ ఒక్కటి తల్లి వైపు నుంచి ఎందుకు పెట్టారంటే, పట్నానికి వచ్చేది ఎక్కువగా మగవాళ్ళు కాబట్టి. వాళ్ళ వెనక కుటుంబం పట్నం రేషన్‌లోకి రాకూడదు.

గుర్తింపు కార్డులో 18 అంకెల నంబరు ఉంటుంది. మొదటి ఆరు అంకెలు మొదటిసారి నమోదైన చోటు సంకేతం, తర్వాతి ఎనిమిది పుట్టిన తేదీ, ఆపైన మూడు వరుస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. 51తో మొదలైతే సిచువాన్, 41 అయితే హెనాన్, 11 బీజింగ్, 31 షాంఘై. తర్వాత హుకౌ మారినా ఈ నంబరు మారదు. కార్డు చేతికిస్తే చాలు, మనిషిది ఏ రాష్ట్రమో మొదటి రెండంకెలకే తెలిసిపోతుంది.

బియ్యం కూపన్ల నుంచి

1958 జనవరి 9న వచ్చిన హుకౌ నమోదు నిబంధనలు మొత్తం 24 అధికరణలు. ప్రాణం 10వ దానిలో ఉంది. పల్లె నుంచి పట్నానికి మారాలంటే మూడిట్లో ఒకటి చూపాలి: పట్నం కార్మిక శాఖ ఇచ్చిన ఉద్యోగ పత్రం, కాలేజీలో చేరిన పత్రం, లేదా ఆ పట్నం హుకౌ ఆఫీసు ఇచ్చిన రాక అనుమతి. పట్నంలో మూడు రోజులు దాటి ఉంటే తాత్కాలిక నమోదు చేయించుకోవాలని ఇంకో అధికరణం.

కాగితం మీది నిబంధన కంటే మనిషిని కట్టిపడేసింది తిండి. 1953 నుంచి ధాన్యం కొనేదీ అమ్మేదీ ప్రభుత్వమే. పట్నం హుకౌ ఉన్నవాడికి ధాన్యం కూపన్లు ఇచ్చేవారు, లేనివాడికి డబ్బున్నా హోటల్లో నూడుల్స్ గిన్నె దొరికేది కాదు. ఈ కూపన్లు 1993లో పోయాయి. పట్నాల్లో పల్లె కూలీల వరద ఆ దశాబ్దంలోనే పొంగడం కాకతాళీయం కాదు. సంతలో బియ్యం కొనుక్కోగలిగితే పోలీసు రిజిస్టరులో పేరు లేకపోయినా పట్నంలో బతకొచ్చు.

అయితే పట్టుకుపోయే భయం ఇంకో పదేళ్ళు ఉంది. 1985 నుంచి తాత్కాలిక నివాస పర్మిట్లు వచ్చాయి. అవి లేనివాళ్ళని, 1982లో దిక్కులేనివాళ్ళ కోసమని పెట్టిన నిర్బంధ కేంద్రాలకి తరలించి, అక్కడి నుంచి సొంతూరికి పంపేవారు. 2003 మార్చిలో గ్వాంగ్‌జౌలో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ళ డిజైనర్‌ని పర్మిట్ చేతిలో లేదని అలాగే పట్టుకెళ్ళారు. కాలేజీ చదువు చదివినవాడు, ఉద్యోగం ఉన్నవాడు. మార్చి 20న నిర్బంధంలోనే దెబ్బలకి చనిపోయాడు. స్థానిక పత్రిక బయటపెట్టింది, ముగ్గురు న్యాయశాస్త్ర పండితులు ఆ నిబంధనే రాజ్యాంగ విరుద్ధమని అర్జీ పెట్టారు. జూన్‌లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, ఆగస్టు 1 నుంచి అమల్లోంచి పోయింది. ఊరికి తరిమే పద్ధతి ముగిసింది అక్కడే. తర్వాతిదంతా గడియారాల కథ, ఎన్నాళ్ళు ఉన్నావు, ఎన్నేళ్ళు కట్టావు అన్న లెక్కల కథ.

మొదటి గడియారం: నివాస పత్రం

2016 జనవరి 1 నుంచి దేశమంతటా నివాస పత్రం పద్ధతి నడుస్తోంది. పాత తాత్కాలిక పర్మిట్ పోలీసు నిఘా కోసం. ఇది కొన్ని సేవలు ఇవ్వడం కోసం, కనీసం రాతలో. అర్హత: సొంత హుకౌ ఊరు వదిలి వేరే పట్నంలో ఆర్నెల్లకు పైగా ఉండాలి, దానితోపాటు స్థిరమైన ఉద్యోగం, స్థిరమైన నివాసం, నిరంతర చదువు ఈ మూడిట్లో ఒకటి చూపాలి. ఠాణాలోనో, ఠాణా అప్పగించిన వార్డు సేవా కేంద్రంలోనో అర్జీ పెట్టాలి. గుర్తింపు కార్డు, ఫొటో, అద్దె ఒప్పందం లేదా యజమాని రాసిచ్చిన వసతి పత్రం, ఉద్యోగానికైతే లేబర్ కాంట్రాక్టు. 15 రోజుల్లో పత్రం ఇవ్వాలి, మారుమూల చోట్ల 30 దాకా ఆగొచ్చు. మొదటిసారి ఉచితం, పోగొట్టుకుంటే రుసుము.

వినడానికి బాగానే ఉంది. జారేది ఎక్కడో చూడండి. ఆర్నెల్ల లెక్క చాలా పట్నాల్లో రైలు దిగిన రోజు నుంచి మొదలవదు, నివాసం నమోదు చేయించిన రోజు నుంచి మొదలవుతుంది. మూడేళ్ళుగా ఉంటున్నా నమోదు నిన్న చేయిస్తే లెక్కలో ఒక్క రోజే. షెన్‌జెన్ 2015లో సొంతంగా చేసుకున్న నిబంధన ఇంకా గట్టిది: 12 నెలల నమోదు, పైగా 12 నెలల సామాజిక బీమా. 2020 జనగణనలో ఆ నగరంలో 1.75 కోట్లమంది ఉంటే, అక్కడి హుకౌ ఉన్నది మూడో వంతుకే.

నమోదుకి అద్దె కాగితం కావాలి. ఇంటాయన ఇవ్వడు. ఇస్తే అద్దె ఆదాయం పన్నువాళ్ళ కంట పడుతుందని భయం, పైగా గదిని ప్లైవుడ్ అడ్డాలతో ఆరు గదులుగా చీల్చినవాడు ఏ ఆఫీసుకీ ఆ చిరునామా చూపించలేడు. పనికి సంబంధించిన కాగితమైతే ఇంకా కష్టం. 2008 నుంచి అమల్లో ఉన్న లేబర్ కాంట్రాక్టు చట్టం, రాతపూర్వక ఒప్పందం లేకుండా నెల దాటి పని చేయించుకుంటే రెండో నెల నుంచి రెట్టింపు జీతం ఇవ్వాలంటుంది. అయినా 2016 సర్వేలో ఒప్పందం ఉన్న వలస కార్మికులు 35.1 శాతమే. కట్టడం పనుల్లో మనిషిని తెచ్చేది కంపెనీ కాదు, మన పాలమూరు గుంపు మేస్త్రీ లాంటి ఒకాయన. ఆయన దగ్గర ఉండేది నోటుపుస్తకం, అందులో రోజుకూలీ లెక్క.

పత్రం చేతికొచ్చాక కూడా ఏటా ఒకసారి దాని మీద పొడిగింపు నమోదు చేయించాలి, సంవత్సరం నిండే ముందు నెలలో. మర్చిపోతే పత్రం పనిచేయడం ఆగిపోతుంది. తర్వాత వెళ్ళి చేయించుకుంటే మళ్ళీ పనిచేస్తుంది, కానీ నిబంధనలో పదో అధికరణం చివర ఒక మాట ఉంది: నివాస కాలం ఆలస్యంగా చేయించుకున్న రోజు నుంచి లెక్కిస్తారు. ఆరేళ్ళు క్రమం తప్పక చేయించి, ఏడో ఏడు నాన్న తద్దినానికి ఊరెళ్ళి రెండు వారాలు ఆలస్యమైతే, గడియారం సున్నా దగ్గరికి వస్తుంది. ఏళ్ళు లెక్కగట్టే హక్కులకి ఇది గొడ్డలిపెట్టు, అయినా జరిమానాలా కనిపించదు గనక ఎవరూ ముందుగా హెచ్చరించరు.

అద్దె ఇల్లు పోతే ఏమవుతుందో 2017 చలికాలం చూపించింది. నవంబరు 18న బీజింగ్ డాషింగ్ జిల్లాలో వలస కూలీలు అద్దెకుండే భవనంలో మంటలంటుకుని 19 మంది చనిపోయారు. ఆ వెంటనే ప్రమాదకర భవనాల పేరుతో 40 రోజుల తనిఖీ మొదలైంది. గడ్డకట్టే చలిలో వేలమంది గంటల వ్యవధిలో గదులు ఖాళీ చేశారు. పోయింది గది ఒక్కటే కాదు. ఆ చిరునామా మీద నిలబడ్డ నివాస నమోదు, దాని మీద నిలబడ్డ పిల్లాడి బడి కూడా కదిలిపోయాయి.

90 పాయింట్లు

పత్రం ఒక ఎత్తు, ఆ నగరం హుకౌనే సంపాదించడం ఇంకో ఎత్తు. 50 లక్షలు దాటిన నగరాల్లో పాయింట్ల పద్ధతి పెట్టాలని 2014 జులైలో కేంద్రం చెప్పింది. బీజింగ్ దాన్ని 2018లో మొదలుపెట్టింది. దరఖాస్తుకే నాలుగు షరతులు: బీజింగ్ నివాస పత్రం, పదవీ విరమణ వయసు దాటకపోవడం, బీజింగ్‌లో ఏడేళ్ళు వరసగా సామాజిక బీమా, నేర చరిత్ర లేకపోవడం. తర్వాత పాయింట్లు. బీమా కట్టిన ఏడాదికి 3. సొంత ఇంట్లో ఉంటే ఏడాదికి 1, అద్దెలోనో సంస్థ వసతిలోనో ఉంటే అర. మూడేళ్ళ డిప్లొమాకి 10.5, డిగ్రీకి 15, పీజీకి 26, డాక్టరేటుకి 37. వయసు 45 లోపుంటే 20. నగరం నడిబొడ్డు వదిలి శివారు జిల్లాలకి పోతే, పన్ను బాగా కడితే, అవార్డులొస్తే మరికొన్ని.

ఇప్పుడొక లెక్క వేద్దాం. పద్దెనిమిదేళ్ళకే బీజింగ్ వచ్చి, నగరం మధ్యలో ఒకే సంస్థలో ఇరవయ్యేళ్ళు బీమాతో సహా పని చేసిన వంటమనిషి. వయసు 38. ఇంటర్ దాకా చదువు, అద్దె గది, అన్ని కాగితాలూ సక్రమం. బీమాకి 60, అద్దెకి 10, వయసుకి 20, చదువుకి సున్నా. మొత్తం 90. 2018లో లక్షా 24 వేలకు పైగా దరఖాస్తుల్లోంచి 6,019 మందికి హుకౌ ఇచ్చారు, ఆఖరి మనిషికొచ్చిన పాయింట్లు 90.75. ముప్పావు పాయింటు తేడాతో వంటమనిషి బయటే. తర్వాతేడాది కటాఫ్ 93.58, ఆ తర్వాత 97.13. ఏటా తనకి కలిసేది మూడున్నర, కటాఫ్ కూడా దాదాపు అంతే పెరుగుతోంది. పైగా ఈ వంటమనిషి దాదాపు కల్పన, ఎందుకంటే ఇరవయ్యేళ్ళు ఆపకుండా బీమా కట్టిన యజమాని ఆ పనుల్లో అరుదు.

ఈ పద్ధతిని సమానావకాశం అని చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. పాయింట్ల పట్టిక చూస్తే ఎవరిని పిలుస్తున్నారో, ఎవరిని పనికి మాత్రమే రానిస్తున్నారో స్పష్టంగానే రాసి ఉంది. డాక్టరేటుకి 37 అంటే పన్నెండేళ్ళకు పైగా బీమాతో సమానం.

బడి, ఆ తర్వాత పరీక్ష

తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్య పిల్లలున్న చోట ఇవ్వాలని 2001 నుంచీ విధానం, 2006లో సవరించిన చట్టమూ అదే అంది. బీజింగ్‌లో చాలాకాలం దానికి తలుపు 'అయిదు కాగితాలు': తల్లిదండ్రుల నివాస పర్మిట్, ఉంటున్న ఇంటి రుజువు, ఉద్యోగ రుజువు, ఇంటిల్లిపాది హుకౌ పుస్తకం, ఊళ్ళో పిల్లాడిని చూసుకునేవాళ్ళు లేరని సొంతూరి స్థానిక ప్రభుత్వం ఇచ్చే పత్రం.

ఇప్పుడు అడగడం లేదు గానీ, ఈ అయిదోదే తమాషా. ఊళ్ళో నానమ్మ బతికే ఉండేది. ఆవిడకి అరవై దాటినా చూపు ఆనుతోందంటే గుమాస్తా పత్రం రాసేవాడు కాదు. పుస్తకం కూడా ఆవిడ పెట్టెలోనే ఉంటుంది, కొరియర్‌లో పంపించాలి. 2014 నుంచి బీజింగ్ ఈ కాగితాల తనిఖీ బిగించింది. తల్లి ఒక జిల్లాలో పనిచేసి, ఇల్లు ఇంకో జిల్లాలో ఉంటే అభ్యంతరం, బీమా ఏ జిల్లా నుంచి కట్టారని ఇంకో అభ్యంతరం. మిగతావన్నీ ఉండి ఒక్క కాగితం లేకపోతే సగం అడ్మిషన్ అంటూ ఏమీ ఉండదు. అప్పుడు మిగిలేది కూలీల పిల్లల కోసం నడిచే ప్రైవేటు బడి, అది ఎప్పుడు మూతపడుతుందో దానికే తెలియదు.

బడి దొరికినా గడువు పదిహేనేళ్ళ వయసు దాకానే. సీనియర్ హైస్కూలు నిర్బంధ విద్యలో లేదు. కాలేజీ ప్రవేశ పరీక్ష గావొకావొ హుకౌ ఉన్న రాష్ట్రంలోనే రాయాలి. 2012లో బయటి పిల్లలకి దారి చూపమని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది, చాలా రాష్ట్రాలు షరతులతో తెరిచాయి. బీజింగ్ మాత్రం వృత్తి కాలేజీల దాకానే తెరిచింది. సీట్లు రాష్ట్రాల వారీ కోటా కాబట్టి ఇక్కడ కాపలా గట్టిగా ఉంటుంది. 2024లో హెనాన్‌లో ఆ పరీక్షకి 13 లక్షలకు పైగా నమోదైతే, బీజింగ్‌లో 70 వేల లోపే. దేశంలో అన్నిటికంటే పేరున్న రెండు విశ్వవిద్యాలయాలు ఉన్నది బీజింగ్‌లో.

దీని ఫలితం పదమూడేళ్ళ పిల్లల మీద పడుతుంది. పాఠ్యపుస్తకాలు, పరీక్ష తీరు అన్ని రాష్ట్రాల్లో ఒకటి కావు. చివరి ఏడాది ఊరెళ్తే అందుకోలేరు. అందుకని ఏడో తరగతి, ఎనిమిదో తరగతిలోనే వెనక్కి పంపుతారు, అదీ తల్లిదండ్రులు లేని ఇంటికి. 2016లో పౌర వ్యవహారాల శాఖ తల్లిదండ్రులిద్దరూ బయట ఉన్న, లేదా ఒకరు బయటుండి రెండోవాళ్ళు చూసుకోలేని, పదహారేళ్ళ లోపు పల్లె పిల్లల్ని లెక్కబెడితే 90.2 లక్షలు తేలారు. 2013లో మహిళా సమాఖ్య 6.1 కోట్లంది. రెండూ సరైనవే, రెండో లెక్కలో ఒక్కరు బయటున్నా, పద్దెనిమిదేళ్ళ దాకా చేర్చారు. ఈ అంకెలు ఎక్కడ కనపడినా నిర్వచనం చూడకుండా వాడకండి.

పెన్షన్: పది, పదిహేను, నలభై, యాభై

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, చాలామందికి అరవయ్యేళ్ళు వచ్చేదాకా తెలియదు కూడా. ఉద్యోగుల పెన్షన్‌లో కార్మికుడు జీతంలో 8 శాతం కడతాడు, అది సొంత ఖాతాలో పడుతుంది. యజమాని వాటా ఒకప్పుడు 20 శాతం, 2019 మే నుంచి 16. అది స్థానిక ఉమ్మడి నిధిలోకి పోతుంది. ఇప్పటికి కనీసం 15 ఏళ్ళు కట్టాలి, 2030 నుంచి ఏటా కొంత పెంచి 20కి తీసుకెళ్తారు.

ఊరు మారితే 2010 నిబంధన ప్రకారం సొంత ఖాతా మొత్తం వెంట వస్తుంది, ఉమ్మడి నిధి నుంచి మాత్రం జీతంలో 12 శాతం లెక్కనే వస్తుంది. మిగతాది పాత నగరానికే. అందుకే డబ్బు పంపాల్సిన నగరం పేచీ పెట్టదు, తీసుకోవాల్సిన నగరం ముఖం చిట్లిస్తుంది.

పెన్షన్ ఏ నగరం ఇవ్వాలి? హుకౌ ఉన్న చోటే చివరిదాకా కట్టినవాడికి గొడవ లేదు. లేకపోతే పదేళ్ళు కట్టిన చోటు చూస్తారు. ఎక్కడా పదేళ్ళు నిండకపోతే అన్నీ పోగేసి హుకౌ ఊరికి పంపుతారు. సిచువాన్ హుకౌతో డాంగ్‌వాన్‌లో ఏడేళ్ళు, సూజౌలో ఆరు, హాంగ్‌జౌలో నాలుగు కట్టినవాడికి మొత్తం పదిహేడు నిండాయి, పెన్షన్ వస్తుంది. కానీ సిచువాన్ సగటు జీతాల లెక్కన. అదే మనిషి మూడేళ్ళు ఆగి డాంగ్‌వాన్‌లోనే పది నింపుకుని, ఎక్కడికీ కదలకపోతే లెక్క మారేది. ఫ్యాక్టరీ మూతపడితే ఎక్కడ ఆగుతాడు అన్నది వేరే ప్రశ్న.

ఇంకో మెలిక ఉంది. మగవాడు 50 నిండాక, ఆడమనిషి 40 నిండాక మొదటిసారి పరాయి నగరంలో చేరితే తెరిచేది తాత్కాలిక ఖాతా. బీమా మామూలుగానే కోస్తారు, కానీ ఆ నగరంలో పెన్షన్ రాదు. పిల్లల్ని పెద్దచేసి నలభై ఒకటో ఏట షెన్‌జెన్‌లో క్లీనింగ్ పనికి చేరిన ఆవిడకి ఈ సంగతి పేస్లిప్పులో కనపడదు.

పదిహేనేళ్ళు నిండకపోతే పల్లె, పట్నం నివాసుల పెన్షన్‌లోకి మార్చుకోవచ్చు. అప్పుడు వెంట వచ్చేది సొంత ఖాతా ఒక్కటే, యజమాని కట్టిందంతా వదులుకోవాలి. ఆ పెన్షన్‌లో కేంద్రం నిర్ణయించిన కనీస మూల మొత్తం 2025లో నెలకి 143 యువాన్లు. 2024లో వలస కార్మికుడి సగటు నెల ఆదాయం 4,961 యువాన్లు. 2010కి ముందు గ్వాంగ్‌డాంగ్‌లో ఏడాది చివర ఊరెళ్ళేటప్పుడు కూలీలు బీమా ఆఫీసు ముందు బారులు తీరి తమ 8 శాతం వెనక్కి తీసేసుకునేవారు. ఆ నిబంధనల మధ్య చూస్తే అది తెలివితక్కువ పని అనిపించదు. ఇప్పుడలా తీసుకోనివ్వరు.

వైద్యం కొంత మెరుగైంది. 2017 నుంచి వేరే రాష్ట్రంలో ఆస్పత్రిలో చేరినా బిల్లు అక్కడికక్కడే సర్దుబాటవుతుంది. ముందుగా ఫోన్‌లో జాతీయ వైద్య బీమా యాప్‌లో నమోదు చేసుకోవాలి. డిశ్చార్జి అయ్యేదాకా కూడా చేసుకోకపోతే మొత్తం చేతి డబ్బు కట్టి, ఊళ్ళో రసీదులిచ్చి, తక్కువ శాతం తెచ్చుకోవాలి.

తెరిచిన తలుపులు

30 లక్షల లోపు పట్నాల్లో హుకౌ షరతులు ఎత్తేయమనీ, 50 లక్షల లోపు వాటిలో బాగా సడలించమనీ 2019 నుంచీ చెబుతూనే ఉన్నారు, 2024 జులైలో అయిదేళ్ళ ప్రణాళికలో మళ్ళీ చెప్పారు. అయినా 2023 చివరికి పట్నాల్లో ఉంటున్నవాళ్ళు 66.16 శాతమైతే, పట్నం హుకౌ ఉన్నవాళ్ళు 48.3 శాతమే. జిల్లా పట్నం రమ్మంటుంది, అక్కడ పని లేదు. పనున్న షాంఘై పాయింట్లు అడుగుతుంది.

మారాలనుకున్నవాడికి పద్ధతి ఇలా: వెళ్ళే ఊరి ఠాణాలో రాక అనుమతి తీసుకోవాలి, దానికి 40 రోజుల గడువు. దాన్ని పాత ఠాణాలో చూపిస్తే పుస్తకంలో పేజీ కొట్టేసి బదిలీ పత్రం ఇస్తారు, దానికి 30 రోజులు. ఆలోపు కొత్త ఠాణాలో ఎక్కించాలి. ఎక్కించకుండా పత్రం జేబులో పెట్టుకు తిరిగితే పాత ఊళ్ళో పేరు లేదు, కొత్త ఊళ్ళో రాలేదు. దీన్ని వాళ్ళు 'జేబు హుకౌ' అంటారు, మన భాషలో రెంటికీ చెడ్డ రేవడి. ఈమధ్య ఒకే ఠాణాలో రెండు పనులూ ఆన్‌లైన్‌లో అయ్యే ఏర్పాటు వచ్చాక ఇది తగ్గింది.

అసలు జంకు వేరే ఉంది. పల్లె హుకౌతో రెండు వస్తాయి: కౌలు హక్కున్న పొలం, ఇంటి స్థలం. రెండూ ఊరి ఉమ్మడి సంఘానివి, సభ్యుడికి వాడుకునే హక్కు మాత్రమే. 2002 చట్టంలో కుటుంబమంతా పెద్ద పట్నం హుకౌకి మారితే పొలం తిరిగి ఇచ్చేయాలని ఉండేది. 2019 జనవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణ, పొలం హక్కు వదులుకోవడాన్ని పట్నం హుకౌకి షరతుగా పెట్టరాదంది. రాతలో మారినా ఊళ్ళో భయం పోలేదు, ఎందుకంటే వెనక్కి వచ్చే దారి దాదాపు లేదు. పట్నం హుకౌ నుంచి పల్లె హుకౌకి మార్చమంటే ఊరి సంఘం ఒప్పుకోదు, ఒప్పుకుంటే వాటాలు తగ్గుతాయి.

ఇంటి సంగతి మరీ సున్నితం. ఇంటికొక స్థలం అన్నది నియమం. పట్నం హుకౌకి మారిన కొడుకు తండ్రి ఇంటిని వారసత్వంగా పొందొచ్చు, ఉండొచ్చు. ఇల్లు కూలిపోతే మాత్రం ఆ స్థలంలో మళ్ళీ కట్టుకోలేడు, స్థలం సంఘానికి పోతుంది. అందుకని లెక్క తెలిసిన ఇళ్ళలో పేజీలు విడదీస్తారు. బడి కోసం తల్లీ పిల్లల పేజీలు జిల్లా పట్నానికి మారుస్తారు. తండ్రి పేజీ, తాత పేజీ ఊళ్ళోనే ఉంచుతారు. తండ్రి ఉండేది షెన్‌జెన్ డార్మిటరీలో, ఏడాదికొకసారి వసంత పండుగకి వచ్చినప్పుడు చేసే మొదటి పని ఇంటి పెంకులు సర్దించడం.